పదహారు సూచికల మోడల్‌కు షోడశోపచారం

నిన్ను పొగడడానికి కూర్చున్నాను. భారత వాతావరణ శాఖ నిన్ను కొలువులోకి తీసుకున్నది 1988లో. 2002 వానాకాలం అయ్యాక సాగనంపింది. ఆ పదిహేనేళ్లూ మే నెల చివరికి వచ్చేసరికి దేశం నీ అంకె కోసం ఎదురుచూసేది. ఈ ఏడు నైరుతి వాన దీర్ఘకాలిక సగటులో ఇంత శాతం అని నువ్వు చెబితే, ఆ అంకె పట్టుకుని ఢిల్లీలో ధాన్యం నిల్వల లెక్కలు వేసుకునేవాళ్లు. పేపర్లో అదే అంకె చూసి మెట్ట రైతు విత్తనానికి అప్పు చేసేవాడు. ఇప్పుడు నీకు చెప్పబోయే పొగడ్తల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఒక్కో గుణమూ నీలో నిజంగా ఉంది. నా బాధంతా అదే.

మొదట నీ జ్ఞాపకశక్తిని పొగడాలి. జరిగిపోయిన సంవత్సరాల వానను నీ అంత చక్కగా అప్పజెప్పినవాళ్లు లేరు. నిన్ను తయారు చేసిన వసంత్ గోవారికర్ బృందం నీకు పదహారు సూచికలు ఇచ్చింది. హిమాలయాల మీద మంచు, యూరప్-ఆసియా మైదానాల మీద మంచు, ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో గాలి పీడనం, అర్జెంటీనాలో గాలి పీడనం, పసిఫిక్‌లో ఈ ఏటి ఎల్ నినోతో పాటు నిరుటిది కూడా, మన తూర్పు తీరపు కనిష్ఠ ఉష్ణోగ్రత, భూమికి ఇరవై కిలోమీటర్ల ఎత్తున వీచే గాలుల తీరు, ఇలా పదహారు. ఒక్కో సూచికకు ఒక బరువు, దాని నెత్తిన ఒక ఘాతం. పదహారు బరువులు, పదహారు ఘాతాలు కలిస్తే అక్కడికే ముప్ఫైరెండు అంకెలు, స్థిరాంకాలు వేరే. వీటన్నిటినీ కుదుర్చుకోవడానికి నీ ముందున్నది మాత్రం కొద్ది దశాబ్దాల వాన. పదహారు సూచికలూ నమోదైన సంవత్సరాలు అంతకుమించి దొరకవు. మంచును ఉపగ్రహాలు పైనుంచి చూడడం మొదలైందే 1960ల్లో.

తిప్పుకోవడానికి ఉన్న అంకెలు, చెప్పాల్సిన సంవత్సరాలు ఇంచుమించు సరిసమానమైనప్పుడు ఏ వరుసనిచ్చినా సమీకరణం దానికి ఒదిగిపోతుంది. దేశపు వాన బదులు ఆర్టీసీ టికెట్ల మీది నంబర్లు వరుసగా రాసిచ్చినా నువ్వు దాదాపు అంత అందంగానే అప్పజెప్పగలవు. ఆ నేర్పు నీది. అయితే నీ గీత గ్రాఫ్‌లో పాత సంవత్సరాల చుక్కల మీదుగా వెళ్లిందని చూపించడం వాన గురించి నీకు ఏదో తెలుసని చెప్పే సాక్ష్యం కాదు. నీ దగ్గర ఎన్ని మరలున్నాయో చెప్పే సాక్ష్యం మాత్రమే. నీ అంకె పక్కన వేసే ‘నాలుగు శాతం అటూ ఇటూ’ అన్న మాట ఆ పాత చుక్కల దగ్గర పుట్టింది. నువ్వు చూడని సంవత్సరాల్లో, అంటే నిజంగా జోస్యం చెప్పాల్సి వచ్చిన 1988 నుంచి 2001 వరకు పద్నాలుగేళ్లలో, ఆ నాలుగు శాతం మాట నిలబడింది సగం కంటే తక్కువసార్లే.

రెండో గుణం నీ గెలుపు. 1989 నుంచి 2001 దాకా వరుసగా పదమూడేళ్లు దేశంలో వాన ‘సాధారణం’. సగటుకు పది శాతం అటూ ఇటూలో పడిందన్నమాట. ఆ పదమూడేళ్లూ నువ్వు చెప్పింది సాధారణమే. పదమూడుకు పదమూడు! ఈ రికార్డును పత్రికలు మెచ్చుకున్నాయి, మంత్రులు మెచ్చుకున్నారు. నేనూ కాదనను. కాకపోతే ఆ పదమూడేళ్లలో ఒకటి కొంచెం దగ్గరగా చూడాలి. 1994లో నువ్వు 92 శాతం అన్నావు. పడింది 110. తేడా పద్దెనిమిది. సగటు కంటే తగ్గుతుందన్నావు, సగటు కంటే బాగా పెరిగింది. ఆ ఏడు నీ మాట నమ్మి తక్కువ నీటి పంట వేసుకున్నవాడికీ, పొలంలో నీళ్లు నిలిచినవాడికీ నువ్వు ఏ విధంగానూ ఒప్పు చెప్పలేదు. అయినా 92 సాధారణమే, 110 కూడా సాధారణమే. కనుక ఆ ఏడు నీ ఖాతాలో ఒప్పుగానే జమ పడింది. 1999లో 108 అన్నావు, 96 పడింది. అదీ ఒప్పే. నీ ‘సాధారణం’ అంత విశాలమైనది. వచ్చినవాళ్లందరికీ అందులో చోటుంది.

ఇక్కడ నీ పక్కన ఇంకొకణ్ని నిలబెట్టాలి. వాడి దగ్గర సూచికలు లేవు, మంచు లెక్క లేదు, కంప్యూటర్ లేదు. ఏటా మే నెలలో లేచి ‘ఈ ఏడు నూరు శాతం’ అంటాడు, కూర్చుంటాడు. అంతే వాడి శాస్త్రం. మన వాన రికార్డులో ప్రతి పదేళ్లలో ఏడేళ్ల దాకా సాధారణం పట్టీలోనే పడతాయి కాబట్టి వాడు మామూలుగానే పదికి ఏడు గెలుస్తాడు. ఆ పదమూడేళ్లలో వాడూ పదమూడుకు పదమూడే. సరే, పట్టీలు వదిలి శాతాల్లోనే తూద్దాం. 1988 నుంచి 2001 వరకు పద్నాలుగేళ్లలో ఎవరు ఎంత తప్పారో కూడితే, నూరు అన్నవాడి సగటు తప్పు ఆరు శాతం చుట్టూ, నీ సగటు తప్పూ ఆరు శాతం చుట్టూ. అందులో 1988 ఒక్కటి నీకు నిజంగా మేలు చేసింది: 113 అన్నావు, 119 పడింది, నూరు అన్నవాడు పంతొమ్మిది తప్పాడు. 1989లో, 1992లో నువ్వు ఒక్క శాతం తేడాతో చెప్పావు. అది నీ మంచి పనే. కానీ 1994లో, 1997లో, 1999లో పోగొట్టుకున్నది ఆ మంచి పనులను తినేసింది. పదహారు సూచికలతో, ముప్ఫైకి పైగా అంకెలతో, ఏమీ లేనివాడికి సరిజోడు కాగలిగావు.

రెండు శాస్త్రీయ నమూనాలను గణాంకాల తక్కెడలో తూచడమంటే అసలు పని ఇదే. ఈ మోడల్ డేటాకు ఎంత బాగా కుదిరిందనే ప్రశ్న ఒక్క పళ్లెం మాత్రమే. రెండో పళ్లెంలో ఏం పెట్టారన్నది ఎవరూ అడగకపోతే మొదటిది ఎప్పుడూ బరువుగానే తూగుతుంది. నీ పక్కన నూరు అన్నవాణ్ని ఏటా నిలబెట్టి ఉంటే, ఇద్దరి తప్పులూ ఒకే కాగితం మీద అచ్చు వేసి ఉంటే, నీ మీద నమ్మకం ఎంత ఉండాలో అంతకే పరిమితమయ్యేది. ఆ కాగితం రైతు దాకా రాలేదు.

మూడో గుణం: ఎంపికలో నీ అదృష్టం. నీలో చేరిన పదహారు సూచికలూ వానతో మంచి సహసంబంధం చూపించి చేరినవే. చేరనివాటి పేర్లు నీ సమీకరణంలో ఉండవు. అది నీ తప్పు కాదు, ఏ సమీకరణంలోనూ ఓడిపోయినవాటి పేర్లు ఉండవు. కానీ లెక్క వాటితో కలిపి చేయాలి. వానతో ఏ సంబంధమూ లేని ఇరవై వరుసలు తీసుకుని ఒక్కోదాన్నీ ఐదు శాతం గీటురాయి మీద, అంటే సంబంధం లేకపోయినా నూటికి ఐదుసార్లు నెగ్గనిచ్చే గీటురాయి మీద, పరీక్షిస్తే, వాటిలో కనీసం ఒకటి నెగ్గి బయటికి రావడానికి అవకాశం 64 శాతం. వంద వరుసలు పరీక్షిస్తే ఐదారు నెగ్గుతాయి. నెగ్గినవాటిని మాత్రమే చూసేవాడికి అవన్నీ సాక్ష్యాల్లాగే కనిపిస్తాయి.

ఈ సంగతి మీ ఇంట్లోనే తెలుసు. 1904లో కేంబ్రిడ్జి నుంచి గణిత పండితుడు గిల్బర్ట్ వాకర్ ఇదే శాఖకు అధిపతిగా వచ్చాడు. 1899 కరువు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న రోజులు. ప్రపంచం నలుమూలల నుంచి పీడనాలు, ఉష్ణోగ్రతలు, వానలు తెప్పించి, గుమాస్తాల చేత చేతి లెక్కలు వేయించి, ఏది దేనితో కలిసి నడుస్తోందో వెతికాడు. వందల సహసంబంధాలు వేసినవాడు కాబట్టే వాటిలో ఉన్న మోసం అతనికి ముందు కనిపించింది. అనేకం వెతికి అందులో పెద్దదాన్ని ఏరుకున్నప్పుడు, ఆ పెద్దది వట్టి యాదృచ్ఛికంగా ఎంత పెద్దది కావచ్చో లెక్క కట్టి దానితో పోల్చాలని 1914లోనే, ఈ శాఖ ప్రచురణల్లోనే రాశాడు. నువ్వు పుట్టడానికి డెబ్బై నాలుగేళ్ల ముందు మాట అది. నీ పూర్వీకుల్లో అంతటి జాగ్రత్తపరుడున్నాడని చెప్పుకోవడం నీకు గర్వకారణమే.

సాక్ష్యాన్ని తూచే పద్ధతులూ నీ కాలానికి కొదవ లేవు. 1973లో జపాన్‌లోని హిరొతుగు అకైకె ఒక ధర నిర్ణయించాడు: మోడల్‌లో చేర్చుకున్న ప్రతి అంకెకూ రెండు పాయింట్లు జరిమానా. డేటాకు కుదిరినందుకు వచ్చిన లాభం ఆ జరిమానాను మించితేనే ఆ అంకె ఉండాలి. 1978లో గిడియన్ ష్వార్జ్ అన్నది మరీ కఠినం. సంవత్సరాల సంఖ్యకు సహజ లాగరిథమ్ ఎంతో ఒక్కో అంకెకు అంత జరిమానా. ముప్ఫై ఏళ్ల డేటా ఉందనుకుంటే ఒక్కో అంకెకు 3.4. ముప్ఫైరెండు అంకెలకు నూటికి పైగా. అంత బాకీ తీర్చాలంటే నీ సూచికలు వాన గుట్టు నిజంగా తెలిసినవై ఉండాలి.

ఇందులో తెలుగువాళ్లకు సొంత మనిషి ఒకరున్నారు. హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంక శాస్త్రానికి పునాదిరాళ్లు వేసిన సి.ఆర్. రావు. 1948లో ఆయన ఇచ్చిన స్కోర్ పరీక్ష చేసే పని ఇదే. చిన్న మోడల్ దగ్గరే నిలబడి, పెద్ద మోడల్‌కు వెళ్లాల్సిన అవసరాన్ని డేటా నిజంగా చూపిస్తోందా అని అడుగుతుంది. అవసరం లేదని తేలితే పెద్దదాన్ని కట్టాల్సిన పనే లేదు. 1989లో, నువ్వు రెండో వానాకాలానికి జోస్యం చెబుతున్నప్పుడు, ఆయన యువేహువా వూతో కలిసి రిగ్రెషన్‌లో ఏ సూచికలు ఉంచాలో తేల్చే పద్ధతి మీద బయోమెట్రికా పత్రికలో పరిశోధన పత్రం రాశారు. అదే ఏడు అదే పత్రికలో హర్విచ్, ట్సాయ్ అనే ఇద్దరు, డేటా కొద్దిగా ఉన్నప్పుడు అకైకె జరిమానా చాలదని, అంకెల సంఖ్య సంవత్సరాల సంఖ్యకు దగ్గరవుతున్నకొద్దీ జరిమానా ఆకాశానికి వెళ్లాలని చూపించారు. వాళ్ల సూత్రంలో అంకెలు సంవత్సరాలకు ఒకటి తక్కువ వరకు చేరాయంటే హారం సున్నా అవుతుంది. అలాంటి మోడల్‌ను ఆ సూత్రంతో తూచడానికే వీలుండదు. నీ ముప్ఫైరెండు అంకెలు ఎక్కడ నిలబడ్డాయో అక్కడి సంగతే అది.

చూడని ఏడాది మీద పరీక్షించామన్న మాట కూడా జాగ్రత్తగా వినాలి. ఒక్కో ఏడాదినీ పక్కన పెట్టి, మిగతావాటితో బరువులు కట్టి, పక్కన పెట్టిన ఏడాదిని చెప్పించడం మంచి పద్ధతే. కానీ ఏ సూచికలు ఉండాలో ముందే అన్ని సంవత్సరాలూ చూసి ఏరుకుని, ఆ తర్వాత ఒక్కో ఏడాదిని పక్కన పెడితే పరీక్ష కాగితం ముందే బయటికి వచ్చినట్టే. పక్కన పెట్టిన ఏడాది ఆ ఏరివేతలో ఇదివరకే ఓటు వేసేసింది. భారత రుతుపవనాల మీద శాస్త్రవేత్తలు డెల్‌సోల్, జగదీశ్ శుక్లా ఈ చిక్కును లెక్కతో విప్పి చూపించారు. రెండు మూడు సూచికల మోడళ్లు సగటున అంతకు మించిన సూచికల మోడళ్ల కంటే మెరుగ్గా జోస్యం చెబుతాయని, అదనపు సూచికలు తెచ్చిన నైపుణ్యంలో చాలా భాగం ఏరివేత పుట్టించిన భ్రమేనని తేల్చారు. ఆ పత్రం అచ్చయింది 2002లోనే.

నీ విశ్వాసగుణం కూడా చెప్పి తీరాలి. ఒకసారి నమ్మిన స్నేహితుణ్ని నువ్వు వదలవు. పసిఫిక్ వేడెక్కితే మన వాన తగ్గుతుందన్న బంధం 1980ల తర్వాత సడలిందని కృష్ణకుమార్, రాజగోపాలన్, కేన్ 1999లో సైన్స్ పత్రికలో చూపించారు. 1997లో ఆ శతాబ్దపు అతి బలమైన ఎల్ నినోల్లో ఒకటి వచ్చింది, నువ్వు 92 అన్నావు, మనకు 102 పడింది. కాలం మారితే బంధం మారుతుందని ఒప్పుకునే చోటు నీ సమీకరణంలో లేదు. నీ ఘాతాలు నిన్న ఎలా ఉన్నాయో రేపూ అలాగే. అంత స్థిరచిత్తం మనుషుల్లో దొరకదు.

ఇక 2002. నువ్వు 101 అన్నావు. పడింది 81. అందులోనూ జులై. నాట్లు పడాల్సిన నెల, వేరుశనగ విత్తాల్సిన నెల. ఆ జులైలో దేశానికి రావాల్సిన వానలో దాదాపు సగమే వచ్చింది. అనంతపురం జిల్లా సంగతి తెలిసినవాళ్లకు దీని అర్థం వివరించనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర పడే చోట, బోరు లేని ఎర్ర నేలలో, తడి చూసుకుని విత్తనం వేస్తారు. ఆ తడి మీద ఇంకో తడి పడకపోతే మొలక మాడుతుంది. విత్తనం పోతే మళ్లీ విత్తనం, మళ్లీ అప్పు. దేశమంతటి సగటు గురించి నువ్వు చెప్పిన ఒక్క అంకె ఆ ఎర్ర నేలకు ఎన్నడూ ఏమీ చెప్పలేదు, చెప్పగలిగేదీ కాదు. అయినా పేపర్లో ‘ఈ ఏడు వానలు బాగానే’ అన్న శీర్షిక అక్కడి టీ కొట్టు దాకా వెళ్లింది. దేశం మొత్తం మీద తిండిగింజల దిగుబడి అంతకు ముందటి ఏడాది 21.3 కోట్ల టన్నులు ఉండగా, 2002-03లో 17.5 కోట్ల టన్నులకు పడిపోయింది.

నూరు అన్నవాడు కూడా ఆ ఏడు పంతొమ్మిది తప్పాడు. న్యాయంగా అదీ చెప్పాలి. తేడా ఒక్కటే. వాడు తనకు తెలుసని ఎన్నడూ అనలేదు. వాడి మాట నమ్మి ఎవరూ అప్పు చేయలేదు.

ఇంత చెప్పాక నీలో ఒక గుణాన్ని వెనక ఏ ముల్లూ లేకుండా పొగడాలి. నువ్వు వానకు ముందే, అందరికీ కనిపించేలా, ఒక అంకె రాశావు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో వాన పాళ్లు చెబుతారు: సముద్రంలో ఇన్ని, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని. మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో చెబుతారు. సెప్టెంబరు చివర ఎవరూ ఆ పాళ్లు తీసి లెక్క చూడరు, చూడడానికి కుదిరేలా అవి చెప్పి ఉండవు. నీ 101ను మాత్రం 81 పక్కన పెట్టి చూడగలిగాం. ఓడిపోగలిగేలా మాట్లాడావు కాబట్టే నీ మీద తీర్పు సాధ్యమైంది. నిన్ను తీసేసే ధైర్యం శాఖకు వచ్చిందీ అందువల్లే. 2003లో ఎనిమిది, పది సూచికల కొత్త మోడళ్లు తెచ్చారు. పట్టు తప్పిన పాత సూచికలను తీసేశారు. 2004లో ఆ కొత్తవీ నూరు అన్నాయి, పదమూడు శాతం లోటు వచ్చింది. 2009 జూన్‌లో 93 అన్నారు, లోటు 22 శాతం. నీ వారసులకు నీ ఆస్తిలో కొంత దక్కిందన్నమాట. ఆ తర్వాత అనేక మోడళ్లను కలిపి చెప్పే పద్ధతికి, సముద్రాన్నీ గాలినీ కలిపి లెక్క కట్టే కంప్యూటర్ మోడళ్లకు శాఖ జరిగింది. అది సరైన దారేనని నా నమ్మకం.

ఇప్పటి ప్రకటనల్లో ఒక పట్టిక ఉంటుంది. లోటు, సాధారణం కంటే తక్కువ, సాధారణం, సాధారణం కంటే ఎక్కువ, అధికం అని ఐదు వరుసలు. ఒక్కోదానికి ఈ ఏటి అవకాశం ఎంతో ఒక గడిలో, ఏ జోస్యమూ లేకుండా పాత రికార్డు ప్రకారం అవకాశం ఎంతో దాని పక్క గడిలో. లోటుకు ఆ రెండో గడిలో 16 శాతం ఉంటుంది. నీ పక్కన నిలబెట్టాలని నేను అడిగిన నూరు అన్నవాడే ఆ రెండో గడిలో కూర్చున్నాడు. మొదటి గడిలో 16 ఉంటే ఆ ఏడు లోటు గురించి కొత్తగా ఎవరికీ ఏమీ తెలియదని అర్థం. 30 ఉంటే రైతు వినాల్సిన మాట ఉందని అర్థం. మన పత్రికల శీర్షికల్లో తరచూ వచ్చేది ‘సాధారణ వర్షపాతం’ అన్న ఒక్క ముక్కే. ఏప్రిల్‌లో వార్త రాసేవాళ్లు ఆ రెండు గడులూ కలిపి వేయాలి. గత పదేళ్లలో శాఖ తప్పు ఎంతో, నూరు అన్నవాడి తప్పు ఎంతో వాటి కిందే ఒక వరుసలో వేయాలి. రెండంగుళాల జాగా చాలు.